పెద్దమ్మ లారీకి నేను మూసిన చిల్లు

కల్లూరులో నా షెడ్డు తాళాలు, నాతో ఇరవై ఏళ్లు పనిచేసిన వెల్డరు చేతికిచ్చి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నాను అనడం మర్యాదకే. నిజానికి మోకాళ్లు కూర్చోబెట్టాయి. లారీ కిందికి దూరడం వరకూ బాగానే ఉంటుంది, బయటికి రావాలంటే ఇద్దరు కాళ్లు పట్టి లాగాలి. అలా లాగించుకునే మేస్త్రీని చూసి ఎవరు బండి ఇస్తారు?

ఈమధ్య ఐటీఐ చదివిన పిల్లలు ఇంటికొస్తున్నారు. మామూలు బండిని కొండలెక్కే బండిగా మార్చడం ఎట్లా నేర్చుకోవాలని అడుగుతున్నారు. ఫోన్లో వీడియోలు చూపిస్తారు. వాటిలో బండ్లు బురదలో ఎగిరెగిరి పడుతుంటాయి. మన దగ్గర బురద ఎక్కడుందప్పా అంటే నవ్వుతారు. కర్నూలు, కడప జిల్లాల్లో మనకున్నవి రాయి, దుమ్ము, ఎండ. నలభై ఏళ్లు నేను ఆ మూడింటితోనే వేగాను. నాకు తెలిసింది వాటి సంగతే, అదే రాస్తున్నాను. పర్మిషన్లు, కాగితాల గురించి రాయను. అవి చెప్పేవాళ్లు ఆఫీసుల ముందు చెట్టుకొకరు ఉన్నారు.

ఉస్తాద్ గొడుగు

నాకు పని నేర్పింది మహబూబ్ ఉస్తాద్. కర్నూలు పాతబస్తీలో ఆయన షెడ్డు. మనిషి పొట్టి, కోపం మాత్రం చాలా పొడుగు. ఎవరైనా బండి తెచ్చి దీన్ని కొండెక్కేలా చెయ్యమంటే బండివైపు కన్నెత్తి కూడా చూసేవాడు కాదు. ముందు ఆ కొండ దగ్గరికి తీసుకుపొమ్మనేవాడు. ఎండలో నల్ల గొడుగు వేసుకుని దారంతా నడిచేవాడు, వెనకాల నేను. ఎక్కేటప్పుడు నోరు విప్పడు. దిగేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఆగి, చెప్పు కాలితో రాళ్లు తన్ని చూసి, "ఈడ జారుతాది" అనేవాడు. పైకి ఎక్కించే పని ఇంజను చూసుకుంటుంది, కిందికి క్షేమంగా దించే పని మేస్త్రీ చూసుకోవాలి అనేది ఆయన పట్టుదల. మీరు చూసే వీడియోల్లో అందరూ ఎక్కుతూనే ఉంటారు. దిగేది ఎవరూ చూపించరు.

ఆయన షెడ్డులో ఒక ఆచారం ఉండేది. మేము మార్చిన బండి మొదటిసారి లోడుతో కొండ దిగేటప్పుడు, దాన్ని కట్టిన మేస్త్రీ డ్రైవరు పక్క సీట్లో కూర్చోవాలి. దాన్ని మొదటి దిగుడు అనేవాళ్లం. కూర్చునే ధైర్యం లేని మేస్త్రీ ఆ బండిని ఇంకొకరికి ఇవ్వకూడదు. ఒకసారి ఆయనకు నూట మూడు జ్వరం. దుప్పటి కప్పుకుని మరీ వచ్చి కూర్చున్నాడు. దారంతా వణుకుతూనే డ్రైవరును తిట్టాడు.

ఉస్తాద్ మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా ఒక మాట చెప్పి తీరాలి. ఆయనకు ప్రశ్నలు గిట్టవు. ఎందుకు అని అడిగితే స్పానరు విసిరేవాడు. చూసి నేర్చుకోవాలంతే. ఒక రోజు దుమ్ము దూరి పాడైన లారీ యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు, విప్పాం. లోపల గేరు నూనె కుమ్మరి మట్టిలా తయారై, పళ్లన్నీ అరిగిపోయాయి. ఉస్తాద్ ఆ డ్రైవరును గంటసేపు దులిపాడు. దుమ్మును లోపలికి రానిచ్చేవాడు బండి ముట్టుకోకూడదన్నాడు. ఆ మాట నా తలలో మేకులా దిగింది. ఆ యాక్సిల్ పైన ఒక చిన్న చిల్లు ఎందుకుందో మాత్రం నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మీకు పని నేర్పేవాళ్లు ఎంత కోపిష్టులైనా సరే, అడగండి. స్పానరు తగిలితే తగిలింది.

అవ్వ ఎక్కలేని జీపు

పెద్ద కథకు ముందు చిన్నది ఒకటి. కడప వైపు నుంచి ఒక కుర్ర కాంట్రాక్టరు జీపు తెచ్చాడు. అడుగు ఎత్తు లేపాలి, ట్రాక్టరుకున్నంత టైర్లు వెయ్యాలి అన్నాడు. ఎక్కడ తిప్పుతావప్పా అని అడిగితే సరైన జవాబు లేదు. అప్పటికి ఉస్తాద్ పోయి, నేను సొంత షెడ్డు పెట్టుకుని కొద్దికాలమే అయింది. ఆ కుర్రాడి ఉత్సాహం చూసి నాక్కూడా ఉత్సాహం పుట్టింది. దారి చూడకుండానే లేపి ఇచ్చాను. చూడటానికి సింహంలా ఉంది.

వారానికి తిరిగొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. ఏమైందంటే, "మా అవ్వ ఎక్కలేకపోతాంది మేస్త్రీ" అన్నాడు. ఆ జీపు ఎక్కువగా తిరిగేది అవ్వను ఆసుపత్రికి తీసుకెళ్లడానికేనని అప్పుడు తెలిసింది. రెండు మెట్లు వెల్డింగు చేసి, పట్టుకోవడానికి కడ్డీ పెట్టి పంపించాను. కొన్నాళ్లకు అవ్వే స్వయంగా వచ్చి, జీపు ముందు సీట్లో మహారాణిలా కూర్చుని, నాకు సజ్జరొట్టెలు ఇచ్చి వెళ్లింది. అప్పటినుంచి ఎవరు బండి తెచ్చినా, ఎక్కడికి పోతావు అన్న తర్వాత ఎవరెవరు ఎక్కుతారు అని కూడా అడిగేవాణ్ని.

పెద్దమ్మ

ఇక పెద్ద కథ. బనగానపల్లెలో రామలింగశెట్టి అని మామిడి వ్యాపారి ఉండేవాడు. ఊరి బయట గుట్ట మీద భూమి కొని మామిడి తోట పెట్టాడు. చెట్లు కాపుకొచ్చాయి గానీ, వాటికి చాలినన్ని నీళ్లు పైకి చేరడం లేదు. దారంతా నాపరాళ్ల పలకలు. ట్రాక్టరు ట్యాంకరు సగం దూరం ఎక్కి వెనక్కి జారేది. ఎండాకాలం నీళ్లు పైకి మొయ్యాలి, కోతల్లో కాయలు కిందికి దించాలి, రెండూ ఒకే బండి చెయ్యాలి. ఇదీ శెట్టి కోరిక.

ఆయన మిలిటరీ వేలంలో ఒక పాత లారీ కొని నా షెడ్డుకు పంపాడు. పొడుగు ముక్కు, గడ్డి రంగు, ముందు చక్రాలు కూడా లాగే బండి. నేను చూసిన వెంటనే ఇష్టపడ్డాను, దాచను. ఉస్తాద్ చేసినట్టే ముందు వెళ్లి గుట్ట దారంతా నడిచాను. అయిదు నెలలు పట్టింది. పెట్రోలు ఇంజను తీసి, ఒక పాత లారీ డీజిల్ ఇంజను కూర్చోబెట్టాను. దానికి తగ్గట్టు షాఫ్టులు కోసి అతికించాను. మన ఎండకు తట్టుకోవాలని రేడియేటరు పెద్దది పెట్టాను. బరువు మోసే కమాను పట్టీలు పెంచాను. వెనక నీళ్ల ట్యాంకు, చెయిన్ కప్పీతో దించేస్తే కాయల క్రేట్లు పెట్టుకునేలా చేశాను. ఆ అయిదు నెలలూ అన్నం తింటున్నా ఆ బండే నా కళ్ల ముందు ఉండేది.

దానికి పేరు పెట్టింది డ్రైవరు మద్దిలేటి. ఆ గుట్ట కింది పల్లె మనిషి. మూలుగుతూనే పనంతా చేసే తన పెద్దమ్మ లాగా ఉందని పెద్దమ్మ అన్నాడు, అదే నిలిచిపోయింది. మద్దిలేటి చెప్పుల్లేకుండా బండి నడిపేవాడు. పెడలు సంగతి కాలికి తెలియాలట. పొద్దున్నే తానే అన్ని నూనెలూ చూసుకునేవాడు. నాకు అది నచ్చేది కాదు. నేను కట్టిన బండిలో నన్నడగకుండా బిరడాలు విప్పడమేమిటని లోపల గొణుక్కునేవాణ్ని.

ఇక ఆ చిల్లు సంగతి. లారీ యాక్సిల్ పైన చిటికెన వేలు కూడా దూరని చిల్లు ఒకటి ఉంటుంది. బ్రీదర్ అంటారు. దానికి చిన్న టోపీ ఉంటుంది. పెద్దమ్మ వెనక యాక్సిల్‌కు ఆ టోపీ విరిగిపోయింది. అలాంటిది ఎక్కడా దొరకలేదు. ఎర్ర దుమ్ము, ఉస్తాద్ తిట్లు గుర్తొచ్చాయి. ఒక రబ్బరు ముక్క కోసి ఆ చిల్లులో బిగించి, పైన తీగ చుట్టి, గట్టిపడే పేస్టు పూశాను. ఇక ఆ దేవుడు దిగొచ్చినా ఇందులోకి దుమ్ము పోదని మురిసిపోయాను కూడా.

బండి అప్పగించే రోజు శెట్టి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి టెంకాయ కొట్టాడు. నేను దర్గాలో చక్కెర మీద ఫాతిహా చదివించి తెచ్చి అందరికీ పంచాను. తర్వాత గుట్ట మీద బండరాళ్లు నింపుకుని మొదటి దిగుడు దిగాం. నేను పక్క సీట్లో కూర్చున్నాను. పెద్దమ్మ ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగింది. కిందికొచ్చాక మద్దిలేటి బానెట్ మీద చెయ్యి వేసి నిమిరాడు. నాకు ఛాతీ రెండింతలైంది.

ఒక్క మాట

రెండు నెలలకు కోతలు మొదలయ్యాయి. రోజుకు నాలుగైదు దిగుళ్లు, మండే ఎండ. ఒక మధ్యాహ్నం కాయల లోడుతో దిగుతుంటే మూడో మలుపులో బ్రేకు తొక్కినా బండి ఆగలేదు. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క లోయ. లోడు మీద ఇద్దరు కూలీలు కూర్చుని ఉన్నారు. మద్దిలేటి దూకలేదు. పెద్దమ్మ ముక్కును గుట్టకేసి తిప్పి, రాళ్లకు రాపాడించి ఆపాడు. కూలీలకు గీతలు పడ్డాయి, అంతే. మద్దిలేటి ఎడమ మణికట్టు విరిగింది. కాయలన్నీ దొర్లి నలిగి, ఆ దారంతా తియ్యటి వాసన.

నేను పోయి వెనక చక్రం బ్రేకు డ్రమ్ము విప్పాను. బ్రేకు లైనింగులు గేరు నూనెలో నానిపోయి ఉన్నాయి. యాక్సిల్ లోపలి నూనె, దాన్ని ఆపే రబ్బరు సీలు దాటి బ్రేకుల మీదికి వచ్చింది. నూనె అంటిన బ్రేకు పట్టదు. మరి నూనె ఎందుకు దాటింది? హద్దు మీరి పోస్తే అలా దాటుతుంది. రోజూ బిరడా విప్పేది ఎవరు? నా బుర్ర అక్కడితో ఆగిపోయింది. బండి కిందే ఇంకో పది నిమిషాలు పడుకుని ఆలోచించి ఉంటే పైన నా రబ్బరు ముక్క కనబడేది. నేను లేచి బట్టలు దులుపుకున్నాను.

మరుసటి రోజు బనగానపల్లెలో డ్రైవర్లు కూడే టీ కొట్టు దగ్గర శెట్టి నన్ను కూర్చోబెట్టాడు. మద్దిలేటి చేతికి కట్టుతో ఎదుటి బల్ల మీద ఉన్నాడు. చుట్టూ పదిమంది డ్రైవర్లు.

"గుర్తు కాడికే పోసినా మేస్త్రీ, ఒక్క సుక్క ఎక్కువ పొయ్యలేదు" అన్నాడు మద్దిలేటి.

శెట్టి మంచివాడే. తెలియక అడిగాడు. "బండిదా తప్పు, మనిషిదా? ఒక్క మాట చెప్పు దస్తగిరీ."

"మనిషిది" అన్నాను.

మద్దిలేటి నావైపు చూశాడు. సగం తాగిన టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఎవరూ అతనికి స్టీరింగ్ ఇవ్వలేదు. నాపరాళ్ల ఫ్యాక్టరీలో రాళ్లు కోసేచోట ఒంటి చేత్తో నీళ్లు పట్టే పనికి కుదిరాడని విన్నాను. విని ఊరుకున్నాను.

బుస్సుమన్న గాలి

సీలు మార్చి, కొత్త లైనింగులు వేసి పెద్దమ్మను పంపించాను. శెట్టి కొత్త డ్రైవరును పెట్టుకున్నాడు. నూనె బిరడా ముట్టుకోవద్దని ఆ డ్రైవరుకు గట్టిగా చెప్పాను.

నెలన్నరకు బండి చూడమంటే బనగానపల్లె వెళ్లాను. పెద్దమ్మ అప్పుడే గుట్ట దిగి వచ్చి నిలబడింది. వెనక చక్రం లోపలి వైపు తడి మెరుస్తోంది. వేలితో తాకి వాసన చూశాను. గేరు నూనె. కొత్త సీలు, బిరడా ముట్టని డ్రైవరు, అయినా అదే నూనె, అదే చోట.

కిందికి దూరి నూనె బిరడా వదులు చేశాను. బుస్సుమని గాలి తన్నుకొచ్చి నూనె నా చొక్కా మీద చిమ్మింది. అప్పుడు అర్థమైంది. యాక్సిల్ తిరిగే కొద్దీ లోపల వేడెక్కుతుంది. వేడికి గాలి ఉబ్బుతుంది. అది బయటికి పోవడానికే పైన ఆ చిల్లు. కుక్కర్ విజిల్‌ను కదలకుండా బిగించి పొయ్యి మీద పెట్టిన పని చేశాను నేను. పైన దారి లేక గాలి నూనెను సీలు మీదికి తోసింది. ఒక్క దిగుడుకు ఏమీ కాదు, అందుకే మొదటి రోజు తెలియలేదు. రోజుకు నాలుగు దిగుళ్లు దిగితే సీలు చేతులెత్తేసింది. చెయ్యి పైకి పోనిచ్చి తడిమితే నా తీగ, నా పేస్టు, నా రబ్బరు ముక్క. మద్దిలేటి గుర్తు దాకానే పోశాడు.

మందు చాలా చిన్నది. ఆ చిల్లుకు మూరెడు రబ్బరు గొట్టం తగిలించి, పైకి ఛాసిస్ చట్రం దాకా తెచ్చి, కొసను కిందికి వంచి సన్నటి జాలీ కట్టాను. గాలి పోతుంది, దుమ్ము రాదు. మీరు కొండ బండ్లు కట్టేవాళ్లయితే ముందు ఈ గొట్టం వేసి తర్వాతే రంగుల గురించి మాట్లాడండి. లైనింగులు మళ్లీ మార్చాను. శెట్టికి సీలులో లోపమని చెప్పాను.

అవును, అలాగే చెప్పాను. రెండు రోజులు ఎవరికీ నిజం చెప్పలేదు. షెడ్డు పేరు పోతుందని భయం. ఇన్నేళ్ల మేస్త్రీ రబ్బరు ముక్కతో బండిని ఊపిరాడకుండా చేశాడని డ్రైవర్లు నవ్వుతారని భయం. రెండో రోజు కొత్త డ్రైవరు షెడ్డుకొచ్చి, నన్ను సంతోషపెడదామని, "మద్దిలేటి మాదిరి నేను పీపాలు పీపాలు పొయ్యనులే మేస్త్రీ" అని నవ్వాడు. షెడ్డులో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక మంచి డ్రైవరు పేరును నేను ఎగతాళి మాట చేసి వదిలేశాను. ఆ రబ్బరు ముక్క జేబులో వేసుకుని బస్సెక్కాను.

అన్న చోటే

ఫ్యాక్టరీలో మద్దిలేటి అన్నం తింటున్నాడు. చేతి కట్టు విప్పి వారమైందట, మణికట్టు కొంచెం వంకరగా అతికింది. రబ్బరు ముక్క చూపించి జరిగిందంతా చెప్పాను. అన్నం తినడం ఆపలేదు. అంతా విని, "యాడ చెప్తావు ఈ మాట?" అన్నాడు.

"నువ్వు యాడ చెప్పమంటే ఆడ" అన్నాను.

"మనిషిదని అన్న కాడే చెప్పు."

సాయంత్రం అదే టీ కొట్టు, మద్దిలేటి కూడా వచ్చి కూర్చున్నాడు. శెట్టిని పిలిపించాను. అవే బల్లలు, దాదాపు ఆ డ్రైవర్లే. రబ్బరు ముక్క బల్ల మీద పెట్టి, చిల్లు ఎందుకుంటుందో, నేనేం చేశానో, రెండు రోజులు ఎట్లా దాచానో చెప్పాను. నా గొంతు నాకే వినపడనంత చిన్నదైపోయింది. శెట్టి ఆ ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "అట్లయితే తప్పు ఎవరిది?" అన్నాడు.

"నాది."

నేను భయపడినట్టు ఎవరూ నవ్వలేదు. శెట్టి మద్దిలేటి వైపు తిరిగి, తన మీద కూడా తప్పుందని, రేపటినుంచి బండెక్కమని అడిగాడు. మద్దిలేటి ఒప్పుకున్నాడు. ఒకే షరతు పెట్టాడు. మొదటి దిగుడు మళ్లీ చెయ్యాలి, మేస్త్రీ పక్కన కూర్చోవాలి.

మరుసటి రోజు ఆఖరి కోత కాయలు నింపుకుని దిగాం. పక్క సీట్లో నేను. మూడో మలుపు రాగానే మద్దిలేటి బ్రేకు తొక్కాడు. పెద్దమ్మ ఆగింది. అతను దిగి, నన్నూ దిగమన్నాడు. ఒక పక్క గుట్ట రాళ్లకు గడ్డి రంగు పెయింటు ఇంకా అంటుకుని ఉంది. రెండో పక్కకు తీసుకెళ్లి కిందికి చూడమన్నాడు. చూశాను. లోయ అడుగు దాకా ఎక్కడా అడ్డం లేదు.

"ఆ పొద్దు యా పక్కకు తిప్పాల్నో అనుకునేదానికి నాకు ఈ మలుపంత టైము ఉండె మేస్త్రీ" అన్నాడు. "నీకు ఒక దినం ఉండె."

అందులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఎక్కు, కాయలు వాడిపోతాయి" అన్నాడు.

ఎక్కాను. మద్దిలేటి కుడికాలు చెప్పు లేకుండా బ్రేకు మీద ఉంది. గేరు మార్చే ఎడమ చెయ్యి నా మోకాలి పక్కనే. ఆ మణికట్టు పూర్తిగా తిరగడం లేదు. గేరు మార్చిన ప్రతిసారీ భుజం దాకా చెయ్యంతా కదలాల్సి వస్తోంది. పెద్దమ్మ మూలుగుతూ, ఆపిన చోట ఆగుతూ, బుద్ధిగా దిగుతోంది. దారివైపు చూడకుండా నేను ఆ చెయ్యినే చూస్తూ కూర్చున్నాను. నాలుగో మలుపులో నాకు ఏడుపు ఆగలేదు. మద్దిలేటి చూశాడు. చూసి, ఆ ఖాళీ గుట్ట మీద ఎదురుగా ఎవరూ లేకపోయినా, నా ఏడుపు నాకే వినపడకుండా కింది దాకా హారన్ కొడుతూనే ఉన్నాడు.